రెండో పక్క

పోయిన నెల కామారెడ్డిల పంటి డాక్టరు దగ్గర కూసున్న. దవడ పన్ను తీసెయ్యాలె అని సూది ఇచ్చి, మొద్దుబారేదాక పది నిమిషాలు ఆగుమన్నడు. డాక్టరు చిన్నోడే, నేను బడిల తెలుగు చెప్పిన పిల్లల ఈడోడు. గదిల సన్నగ ఏదో సంగీతం వస్తున్నది. ముందుగాల నేను చెవిన పెట్టలేదు. కొద్దిసేపటికి పియానో మెట్లు దిగినట్టు దిగింది. దాని ఎనుక ఎవరో చేటల బియ్యం చెరుగుతున్నట్టు మెత్తటి చప్పుడు. నాకు ఒక్కసారే బీడీల తునికాకు వాసన వచ్చింది. మందుల వాసన నిండిన గదిల, సగం మొద్దుబారిన నోటితోని కూసున్నదాన్ని, లేచి నిలబడ్డ.

"డాక్టర్ బాబూ, ఇదేంది?" అని అడిగిన. నాలుక తిరుగుతలేదు.

"జాజ్ మేడం. వీళ్ళు అసలు ఫ్యూజన్ వాయించేటోళ్ళు. కరెంటు గిటార్లు, సింథసైజర్లు, అన్ని దేశాల బాణీలు కలిపి వాయించి పేరు తెచ్చుకున్నరు. ఈ ఒక్క ఆల్బం మాత్రం కరెంటు లేకుంట, ఉత్త వాయిద్యాల మీద చేసిన్రు. మీకు ఇబ్బందైతే బంద్ చేస్త."

"ఇబ్బందేంది బాబూ, ఇది మా ఇంట్ల పాట."

మందు తలకెక్కింది అనుకున్నడో ఏమో, నవ్విండు. కానీ మంచోడు. పన్ను తీసినంక ఆ ఆల్బం నా ఫోన్ల దొరికేటట్టు చేసి ఇచ్చిండు. విని నలభై ఏండ్లు దాటింది గానీ, దాని పేరేందో నాకు అప్పుడే తెలిసింది. మా ఇంట్ల దాన్ని అందరం ఫారిన్ క్యాసెట్ అనే అన్నం.

మాది ఎల్లారెడ్డి. రెండు అర్రలు, ముంగట వసారా, వసారా మీద బంగ్లపెంక. మా అవ్వ బీడీలు చేసేది. పొద్దున నీళ్ళల్ల తడిపిన తునికాకు పగటాళ్ళకు మెత్తబడేది. అవ్వ, పక్కింటి ఇద్దరు ఆడోళ్ళు వసారాల కూసొని కత్తెరలతోని ఆకు కత్తిరిస్తుంటే, ఆ తడి ఆకు వాసన, తంబాకు ఘాటు కలిసి ఇల్లంత నిండేది. మా బట్టలకు, పుస్తకాలకు, అన్నానికి కూడ అదే వాసన. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, దర్వాజ పక్కన గోడకు ఒరిగి కూసొని చేసిన బీడీలను కట్టలు కట్టేది. ఎవరైన గట్టిగ మాట్లాడితే ఆమెకు నచ్చకపోయేది. "చెవులున్నయి మాకు" అని అనేది.

మా బాపు పేరు గంగారాం. కామారెడ్డి బ్యాండుల క్లారినెట్ వాయించేటోడు. పెండ్లిళ్ళు ఉన్న దినాలల్ల ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు వేసుకోని, క్లారినెట్ పెట్టె సంకల పెట్టుకోని బస్సెక్కేటోడు. లేని దినాలల్ల వసారాల ఒక మూలకు కూసొని దాన్ని ఐదు ముక్కలు చేసి, గుడ్డతోని తుడిచి, కొబ్బరినూనె రాసి మళ్ళ జోడించేటోడు. ఊదేముందు రీడును, మూతి కాడ బిగించే సన్నటి బద్దను, నోట్లె పెట్టుకోని నానబెట్టేటోడు. అప్పుడు ఎవరేం అడిగినా జవాబు ఉండకపోయేది. మా అవ్వ ఆయనతోని కొట్లాడాలంటే సరిగ్గ గప్పుడే కొట్లాడేది.

బాపు వాళ్ళ బ్యాండుకు చుట్టుపక్కల మస్తు పేరు. ఎందుకంటే వాళ్ళు ఏదన్నా కలిపేటోళ్ళు. జుక్కల్ దిక్కు పెండ్లి అయితే మరాఠీ బాణీ ఎత్తుకోని, కన్నడం మీదికెళ్ళి తిప్పి, మన డప్పు దరువుల దించేటోళ్ళు. పాతబస్తీల పెండ్లి అయితే కవ్వాలి. దాన్నే సినిమా పాటల కలిపేది. క్లారినెట్ ముందు నిలబడి ఆ తొవ్వలన్ని చూపించేది బాపు. గట్ల ఉన్న బ్యాండులకు ఒక ఏడు బ్యాండు మాస్టర్ క్యాసియో, కరెంటు మీద నడిచే కీబోర్డు, తెచ్చిండు. బండి మీద జనరేటరు, రెండు పెద్ద డబ్బా స్పీకర్లు. క్యాసియో వాయించేటందుకు ఎల్లారెడ్డిలనే చర్చిల హార్మోనియం వాయించే సామ్యేల్ కాకను పెట్టుకున్నడు. బాపు కంటె పదేండ్లు చిన్నోడు, నెమ్మదస్తుడు.

ఆ దినం నుంచి మైకు క్యాసియోకు పోయింది. "గంగారాం, నువ్వు జర ఎనుక నిలవడు. నీ సప్పుడు ఇప్పుడు ఎవరికి ఇనవడ్తది?" అన్నడట మాస్టర్. బాపు ఆ మాట ఇంటికొచ్చి అవ్వకు చెప్తుంటే నేను విన్న. కోపం లేదు గొంతుల. అన్నం సగంల లేచి చెయ్యి కడుక్కున్నడు. ఆ తర్వాత సామ్యేల్ కాకతోని మాట్లాడుడు బంద్ చేసిండు. ఒక్క ఊరోళ్ళు, ఒక్క బస్సుల పోయేటోళ్ళు, ఒకరు ముందటి సీట్ల, ఒకరు ఎనుక సీట్ల.

గప్పుడు మస్కట్ నుంచి ఆ క్యాసెట్ వచ్చింది. బాపు తమ్ముడు సాయిలు, మా చిన్నబాపు, అక్కడ ఒక హోటల్ వంటింట్ల పని చేసేటోడు. హోటల్ల వాయించే గోవా ఆయన ఒకాయన ఈయనకు దోస్తు. మా అన్న క్లారినెట్ వాయిస్తడు అని చిన్నబాపు చెప్తే, ఆయన తన దగ్గరున్న క్యాసెట్ ఇచ్చి పంపిండు. అట్ట మీద నలుగురు మనుషులు కట్టె కుర్చీల మీద కూసొని ఉన్నరు. చిన్నబాపు ఉత్తరంల రాసిండు: "అన్నా, వీళ్ళు కరెంటు వాయిద్యాలతోని పెద్ద పేరున్నోళ్ళట. ఒక దినం అవన్ని పక్కకు పెట్టి, ఒక్క గదిల కూసొని ఇది వాయించిన్రట. నీ అసొంటోళ్ళు వినవలసింది అన్నడు."

బాపు ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నడు నాతోని. మూడోసారి తానే చదువుకున్నడు.

పగటాల అందరు బీడీలు చేస్తుంటే టేప్‌రికార్డర్ల ఆ క్యాసెట్ వేసిండు. నాకు ముందు అది పాట లెక్క అనిపియ్యలే. ఒకరు ఒక మాట అంటరు, ఇంకొకరు ఆగి ఇంటరు, తర్వాత ఆయన ఒకటంటడు. పియానో ఉండె, శాక్సఫోన్ ఉండె, డ్రమ్ముల మీద కుంచె అసొంటిదాంతోని రాసే ఆయన ఒకాయన. "ఎవరో బియ్యం చెరుగుతున్నరు" అన్నది బాపమ్మ. నిలబెట్టి వేళ్ళతోని మీటే పెద్ద ఫిడేలు ఒకటి ఉంటే దానికి బాపు ముసలాయన అని పేరు పెట్టిండు. గొంతు సవరించుకోని నిదానంగ మాట్లాడినట్టుండేది దాని సప్పుడు. కొన్ని దినాలకు ఆడోళ్ళ కత్తెరలు కూడ ఆ దరువుకే పడుతుండె. వద్దన్నోళ్ళు లేరు. గట్టిగ లేదు గద, బాపమ్మకు కూడ నచ్చింది.

ఒక దినం గోడ అవతల ఎవరో నిలబడ్డట్టు నీడ కనపడ్డది. బాపు లేచి చూసిండు. సామ్యేల్ కాక. సైకిల్ పట్టుకోని, తల వంచుకోని ఇంటున్నడు. పట్టుబడ్డోని లెక్క పోబోయిండు.

"ఎంతసేపాయె నిలవడి?" అన్నడు బాపు. నెలల తర్వాత మొదటి మాట అది.

"నాలుగు దినాల సంది వస్తున్న అన్నా" అన్నడు సామ్యేల్ కాక.

బాపు లోపలికి తిరిగి, "మణీ, కాకకు చాప ఎయ్యి" అన్నడు. నేను చాప వేసిన. అవ్వ ఛాయ పెట్టింది. ఆ తర్వాత దినాం ఇద్దరు పక్కపక్కన కూసొని ఇనేటోళ్ళు. నడుమ ఆపి, ఎనుకకు తిప్పి, మళ్ళ ఇనేటోళ్ళు. సామ్యేల్ కాక నేల మీద వేళ్ళు ఆడించుకుంట ఉండేటోడు. "మైకు నేను అడగలే అన్నా" అన్నడు ఒకనాడు. "నాకు ఎరికేరా" అన్నడు బాపు. అంతే, ఆ ముచ్చట మళ్ళ రాలే.

నేను ఇండ్ల ఒక సంగతి చెప్పాలె. మేమందరం వినేది మొదటి పక్క. రెండో పక్క పొద్దుగాల బాపు, కాక ఇద్దరే ఇనుకునేటోళ్ళు, నేను బడికి పోయినంక. దాంట్ల ఏమున్నదో నాకు తెలువదు. తొమ్మిదేండ్ల పిల్లను. నా మనసుల రెండో పక్క అంటే ఎవరికి అక్కెరలేని పక్క.

ఆ దినాలల్ల గల్ఫ్ పోయినోళ్ళకు క్యాసెట్లనే మాటలు పంపేటోళ్ళం. ఇంట్ల అందరం టేప్‌రికార్డర్ చుట్టు కూసొని ఒకరెనుక ఒకరం మాట్లాడేది. బాపమ్మ మాత్రం మాట్లాడకపోయేది. రెండేండ్ల కింద తాత సచ్చిపోతే చిన్నబాపు రాలేదు. సేట్ పాస్‌పోర్ట్ ఇయ్యలేదని రాసిండు గానీ ఆమె నమ్మలే. "మా అవ్వ గొంతు లేదేంది?" అని ప్రతి క్యాసెట్ల చిన్నబాపు అడిగేటోడు. బాపమ్మ విని బీడీలు కట్టుకుంట కూసునేది.

ఒక పగటీలి బాపు పెద్దకొడప్‌గల్‌ల పెండ్లికి పోయిండు. అవ్వ బీడీలు అప్పజెప్పేటందుకు కార్ఖానకు పోయింది. ఇంట్ల నేను, బాపమ్మ. ఆమె గోడ పట్టుకోని లేచి వచ్చి టేప్‌రికార్డర్ ముంగట కూసున్నది.

"బిడ్డా, నా మాట పట్టు" అన్నది. "జల్ది పట్టు. మళ్ళ నాకు మనసు రాదు."

నేను ఉరికిపోయి మాటల క్యాసెట్ తెచ్చి పెట్టిన. అది మిషన్ల చుట్టుకపోయింది, టేపంత బయటకొచ్చింది. ఇంకో ఖాళీ క్యాసెట్ లేదు. బాపమ్మ కొంగుతోని మూతి తుడుసుకోని తయారుగ కూసున్నది. నేను ఫారిన్ క్యాసెట్ తీసిన. కొన్న క్యాసెట్లకు నెత్తి మీద ఉండే రంధ్రంల కాయితం కుక్కితే రికార్డు అయితదని రేడియో దుకాణంల చూసి ఉన్న. బీడీల కాయితం ముక్క కుక్కి, రెండో పక్క తిప్పి, ఎక్కడున్నదో అక్కన్నే ఎర్ర బటన్ ఒత్తిన.

"సాయిలూ" అన్నది బాపమ్మ. టేప్‌రికార్డర్‌కు ఇంకింత దగ్గరికి జరిగింది. "నీ తండ్రి పోయిన్నాడు నువ్వు రాలేదని నేను నోరు మూసుకున్న. నువ్వు ఎందుకు రాలేదో నేను అడగలే. అడగకపోవుడు నా తప్పు. నువ్వు ఒక్కనివే గా దేశంల ఎట్ల ఏడ్చినవో బిడ్డా. మీ నాయిన నిన్ను ఏమనలే. ఆఖరికి మక్కచేనుకు నీళ్ళు పెట్టిన్రా అని అడిగిండు. గంతే. నాకు నీ మీద ఏం లేదు. నువ్వు వచ్చిన్నాడు రా. కడుపునిండ తిను." ఇంక ఏదేదో చెప్పింది. ఎడ్డి ఆవు ఈనిందని, నా జుట్టు పెరిగిందని. ఏడెనిమిది నిమిషాలు. తర్వాత లేచి పోయి తన జాగల కూసొని, కట్టలు కట్టుడు మొదలుపెట్టింది.

మర్నాడు బాపు వచ్చిండు. తానం చేసి, క్యాసెట్ వేసిండు. రెండో పక్క. నేను బడికి పోలేదు, కడుపునొప్పి అని వడ్ల గుమ్మి ఎనుక కూసున్న. సంగీతం వస్తున్నది, వస్తున్నది, శాక్సఫోన్ ఒక మాట సగం అన్నది, టక్కున ఆగి, "సాయిలూ" అన్నది బాపమ్మ గొంతు.

బాపు ఆపలే. ఆఖరుదాక విన్నడు. బాపమ్మ మాట అయిపోయినంక పియానో మళ్ళ ఏదో నడిమికెళ్ళి అందుకున్నది. అప్పుడు ఆపిండు. ఎనుకకు తిప్పి మళ్ళొకసారి విన్నడు. నాకు గుమ్మి సందులకెళ్ళి ఆయన ఈపు ఒక్కటే కనపడుతున్నది. ఆ ఈపు అదురుతున్నది.

"మణీ, ఇటు రా."

నేను ఏడ్చుకుంట వచ్చిన. "నీ పాట పోగొట్టిన బాపూ" అన్న. ఆయన నన్ను ఒళ్ళె కూసోబెట్టుకున్నడు. నాకు ఏడ్పు ఆగుతలేదు, ఎక్కిళ్ళు వస్తున్నయి.

"ఎక్కడ పోయింది? పోలేదు బిడ్డా" అన్నడు. "గది నాకు యాదికున్నది. ఇను."

పెట్టె తెరిచి, క్లారినెట్ జోడించి, రీడు నోట్లె పెట్టుకున్నడు. నేను ఎక్కిళ్ళు పెట్టుకుంట చూస్తున్న. తర్వాత ఊదిండు. కింది గొంతుల మొదలై, మెల్లగ ఒక్కొక్క మెట్టు ఎక్కి, పైకి పోయి అక్కడ ఉండలేక మళ్ళ కిందికొచ్చే పాట అది. ఊదుతున్నంతసేపు నా దిక్కే చూసిండు. అయిపోయేసరికి నేను నిమ్మళమైన. ఎనుకకు తిరిగి చూస్తే బాపమ్మ కట్టలు కట్టుడు ఆపి ఇంటున్నది.

ఆ క్యాసెట్‌ను బాపు అట్లనే మస్కట్ పంపిండు. గాంధారి ఊరాయన ఒకాయన పోతుంటే ఆయన చేతుల పెట్టిండు. "ఇంకో క్యాసెట్ల మళ్ళ చెప్పుమందాం, ఇది ఉంచుకో" అన్నది అవ్వ. "ఆమె మళ్ళ చెప్పదు" అన్నడు బాపు. నిజమే, బాపమ్మ మళ్ళ చెప్పలే. చిన్నబాపు వచ్చే ఎండకాలం వచ్చిండు. బస్సు దిగి తల్లి కాళ్ళ మీద పడి లేవలే. బాపమ్మ ఆయన తల మీద చెయ్యి పెట్టి, "అన్నం తిన్నవా?" అన్నది. ఆ క్యాసెట్ మాత్రం తిరిగి రాలే. విని విని టేపు తెగిందని చెప్పిండు చిన్నబాపు.

పాట మాత్రం ఇంట్లనే ఉన్నది. నేను దినాం అడిగేదాన్ని, బాపు ఊదేటోడు. సామ్యేల్ కాక చర్చికెళ్ళి హార్మోనియం తెచ్చుకోని జత కలిసేటోడు. ఒకసారి జుక్కల్ పెండ్లిల అప్పగింతలప్పుడు పెండ్లిపిల్ల తాత వచ్చి, "ఆ డబ్బాలు జర బంద్ చేయిన్రి, నా మనుమరాలితోని మాట్లాడనియ్యిన్రి" అన్నడట. డబ్బాలు బంద్ అయినయి. గప్పుడు వీళ్ళిద్దరు ఒక పక్కకు నిలబడి, క్లారినెట్ మీద, హార్మోనియం మీద మెల్లగ ఇది ఎత్తుకున్నరు. మరాఠోళ్ళు, కన్నడపోళ్ళు, మనోళ్ళు, అందరు కండ్లు తుడుసుకున్నరట. "ఇది ఏ సినిమాది?" అన్నడట మాస్టర్. "ఫారిన్‌ది" అన్నడట బాపు. అప్పటిసంది అప్పగింతలంటే మా దిక్కు అదే పాట. బాపుకు మళ్ళ ముందట జాగ దొరికింది. ఎంతమంది ఆడపిల్లలు ఆ పాట మీద అత్తగారింటికి పోయిన్రో. నేను కూడ దాని మీదనే పోయిన. నా పెండ్లిల బాపు ఊదలేకపోయిండు. సామ్యేల్ కాక ఒక్కడే వాయించిండు.

ఇప్పుడు ఏ పాటనైనా చెరిపేటోళ్ళు లేరు. నా ఫోన్ల ఆ ఆల్బం మొత్తం ఉన్నది, పోయినా మళ్ళ వస్తది. అప్పుడు మా ఇంటికి ఒక్కటే క్యాసెట్, ఒక పాట కావాలంటే పక్కింటోళ్ళు కూడ మా వసారాలకే రావాలె. ఏది మంచిదో నాకు చెప్పరాదు. డాక్టరు దగ్గర నుంచి ఇంటికొచ్చి, బుగ్గకు మంచుగడ్డ పెట్టుకోని ఒక్కదాన్నే ఇనుకుంట కూసున్న. బాపు పోయి ఆరేండ్లు. రెండో పక్క మొదలైంది. నేను చెరిపిన జాగ వస్తది, బాపు ఊదిన పాటను అసలు మనిషి ఊదుడు ఇంట అనుకున్న. శాక్సఫోన్ ఒక మాట అన్నది, అది పూర్తిగ అనేసి ఆగింది. తర్వాత ముసలాయన ఒక్కడే. వేళ్ళతోని మీటుకుంట, ఆగుకుంట, ఏడెనిమిది నిమిషాలు ఆయన ఒక్కడే. శాక్సఫోన్ లేదు, బాపు పాట లేదు. మూడుసార్లు పెట్టి విన్న. లేదు.

మర్నాడు బస్సెక్కి ఎల్లారెడ్డి పోయిన. సామ్యేల్ కాకకు ఇప్పుడు ఎనభై దాటినయి. చర్చి ఎనుక కొడుకు ఇంట్ల ఉంటడు. మనుమరాలు మెర్సీ ఇంటర్ చదువుతది, ఆ పిల్లనే నాకు కుర్చీ వేసింది. నేను ఫోన్ల ఆ పాట పెట్టి కాక చెవి దగ్గర పట్టుకున్న. ఆయన కండ్లు మూసుకోని విన్నడు. మోకాలి మీద వేళ్ళు కదిలినయి.

"కాకా, బాపు ఊదింది ఇండ్ల లేదు" అన్న.

"ఉండదు" అన్నడు.

"ఉండదా?"

"అక్కడ ముసలాయన ఒక్కడే మాట్లాడుతడు. ఎప్పటికి గంతే ఉండె." కండ్లు తెరిచి నన్ను చూసిండు. "ఆ మర్నాడు మీ బాపు మా ఇంటికొచ్చిండు మణీ. పిల్ల ఏడుస్తుంటే చూడలేక ఏదో ఊదిన సామ్యేలూ, పొద్దున లేచి గదే మళ్ళ ఊదుమంటున్నది, ఏం ఊదిన్నో నాకే సక్కగ యాదిలేదు, జర హార్మోనియం తీస్కోని రా అన్నడు. ఇద్దరం ఎంత ఎతికినమో! నువ్వు ముంగట కూసొని, గట్ల గాదు బాపూ, గిట్ల, అని నోటితోని పాడి చూపిస్తివి. మేము మరిచిపోయిన కాడ నువ్వు అందుకుంటివి. నీకు ఒక్కసారికే వచ్చింది గది."

"మరి చెప్పలేదేంది కాకా, ఇన్నేండ్లు?"

"ముందు నువ్వు మళ్ళ ఏడుస్తవని. తర్వాత పెండ్లిళ్ళల్ల నడవవట్టె. ఫారిన్‌ది అంటే మాస్టర్ వాయించనిచ్చిండు, మనదే అంటే ఎనుకకు పో అనేటోడు. ఆ తర్వాత ఇంక ఎవరికి చెప్తం? మీ బాపు వద్దన్నడు. పిల్ల దాన్ని ఇంత మంచిగ దాసుకున్నది, ఉండనియ్యి అన్నడు."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న. పన్ను తీసిన జాగ సలుపుతున్నది, ఏడ్పు దాని మీదికే వస్తున్నది. తొమ్మిదేండ్ల పిల్ల ఒక పాటను చెరిపిందని నేను ఇన్నేండ్లు మోసిన. మా బాపుకు అది ఒక దినం కూడ బరువు గాలే.

"వాయిస్తవా కాకా?" అని అడిగిన.

మెర్సీ హార్మోనియం తెచ్చి పెట్టింది. కాక వేళ్ళు వంకర్లు పోయినయి, రెండు మెట్ల మీద ఒక్కసారే పడుతున్నయి. నడుమ ఒక కాడ ఆగిపోయిండు. నేను నోటితోని అందుకున్న, ఆయన మళ్ళ కలిసిండు. ఆఖరుదాక పోయినం. మెర్సీ ఫోన్ పట్టుకోని నిలబడ్డది. మేము చూడలేదు గానీ, మొత్తం రికార్డు చేసిందట.

"మస్తున్నది తాతా. దీన్ని దాసిపెడ్త. ఫోన్ పేరు అడుగుతున్నది, ఎవరి పాట అని రాయాలె?"

సామ్యేల్ కాక నా దిక్కు చూసిండు.

"మా బాపుది బిడ్డా" అన్న. "గంగారాం అని రాయి."